కంపారిటివ్‌లో ఏడో గడి

ఎలీయాజరుగారికి కంప్యూటరంటే లోలోపల భయం. ఇన్నేళ్ళు కాపురం చేసిన మెర్సీకి కూడా ఈ సంగతి తెలీదంటే నమ్మండి. పైకి మాత్రం ఆయన కొల్లేటి చుట్టుపక్కల పదకొండు డిపోలున్న చేపల మేత కంపెనీకి సిస్టమ్స్ మేనేజరు. ఏలూరు హెడ్డాఫీసులో అద్దాల గది, తలుపు మీద పేరు, లోపల చల్లటి ఏసీ. ఆ గదిలోకి ఆయన ఎలా వచ్చారన్నది ఓ ముచ్చట. కంపెనీలో మొట్టమొదటి కంప్యూటరు దిగిన రోజున దాని మీద కప్పిన గుడ్డ తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అప్పట్లో టైపిస్టుగా ఉన్న ఈయన ముందుకొచ్చి తీశారు. ఆ గుడ్డ తీసిన పుణ్యానికి పదిహేనేళ్ళలో ఆయన్ని ఇంతవాణ్ణి చేశారు.

మరి పనెవరు చేసేవారంటారా? గుండుగొలను డిపోలో సువార్తమ్మ. తొమ్మిదేళ్ళుగా టెంపరరీ ఆపరేటరు. ప్రతి డిపోలోనూ రూటరని ఓ పెట్టె ఉంటుంది, డిపో కంప్యూటర్ని ఏలూరుతో కలిపేది అదే. అది మొరాయిస్తే బిల్లు రాదు, బిల్లు రాకపోతే మేత బస్తా కదలదు. మండవల్లిలో లైను పోయిందనుకోండి, వాళ్ళు ఏలూరుకి ఫోన్ చేస్తారు. ఎలీయాజరుగారు చూస్తున్నానండి, అయిదు నిమిషాలని చెప్పి పెట్టేసి, వెంటనే గుండుగొలనుకి ఫోన్ కలుపుతారు. సువార్తమ్మ తన పొడుగు నోటుపుస్తకంలో మండవల్లి పేజీ తీసి, ఏ నంబరు ఎక్కడ కొట్టాలో వాళ్ళకి ఫోన్లోనే చెప్పి లైను తెప్పించేది. రూటర్లు బిగించడానికి వచ్చిన ఇంజినీరు వెనకాల మూడు రోజులు తిరిగి నేర్చుకున్న విద్య అది. పని ఆవిడది, పేరు ఆయనది. అందుకు ఆవిడేమీ అనుకునేది కాదు. ఇద్దరిదీ గుండుగొలనే, వెళ్ళేది ఒకే మందిరానికి, ఆయన సంఘ పెద్ద కూడాను. అన్నయ్యగారూ అని పిలిచేది. ఈ ఏడు ఎలాగైనా నిన్ను పర్మనెంటు చేయిస్తానమ్మా అని ఆయన మాటిచ్చి ఉన్నారు.

ఆయన మాటంటే ఊళ్ళో నిజంగానే విలువుంది. గట్టు తగాదా వస్తే క్రైస్తవులనీ హిందువులనీ లేకుండా ఆయన గుమ్మం ముందుకే వచ్చేవారు. చూసింది చూసినట్టు చెప్పే మనిషని పేరు. ఓసారి సొంత బావమరిదికి ఎదురు సాక్ష్యం చెప్పి, ఆర్నెల్లపాటు మెర్సీ చేత మాటలు పడ్డారు పాపం.

ఇక అసలు కథ. రెండువేల ఎనిమిదో సంవత్సరం, ఎండలు తగ్గుముఖం పట్టిన రోజులు. చైర్మన్ పాపారావుగారికి ఎవరో చెప్పారట, ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి, ఏలూరులో కూర్చునే పదకొండు ఊళ్ళ రూటర్లనీ నడిపించొచ్చని. ఏదన్నా మార్పు కావాలంటే డిపో డిపోకీ ఫోన్లు పట్టుకు వేలాడక్కర్లేదు, మనిషి బస్సెక్కి పోనక్కర్లేదు. ఆయన వరీ చేపల చెరువులూ చేసుకునే రైతు, కొత్త మోటారైనా సరే పక్కవాడి చేలో ఓసారి ఆడించి చూసిగాని కొనరు. అందుకని హైదరాబాదు కంపెనీ ఒకదాన్నీ బెంగళూరు కంపెనీ ఒకదాన్నీ పిలిపించి, చెరో రెండు వారాలూ మా దగ్గర నడిపి చూపించమన్నారు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చి, ఏది మంచిదో తేల్చే కంపారిటివ్ స్టేట్‌మెంటు రాసే పని ఎలీయాజరుగారిది.

ఆయన స్కేలు పెట్టి గళ్ళు గీశారు. వేగం, వాడకంలో సులువు, పాత సెట్టింగులు దాచిపెట్టడం, రిపోర్టులు, ఇలా ఆరు గళ్ళు. ఏడోది పాపారావుగారు స్వయంగా చేర్పించారు. తప్పు జరిగితే ఎవరు చేశారో తెలుస్తుందా లేదా అన్నది ఆ గడి. పనివాళ్ళు పదకొండు చోట్ల ఉన్నప్పుడు అదే ముఖ్యం అని ఆయన వాదన.

ముందు హైదరాబాదు వాళ్ళది పెట్టారు. అదో నస. ప్రతి మార్పుకీ ఏ డిపో అని అడుగుతుంది, ఆ ఒక్కటేనా అని అడుగుతుంది, నిజంగానే మార్చాలా అని మళ్ళీ అడుగుతుంది. పెళ్ళిచూపుల్లో పెద్దమ్మ కూడా అన్ని ప్రశ్నలు వెయ్యదు. పైగా ఒకే పేరుతో ఇద్దరు రెండు చోట్ల నుంచి తెరుస్తామంటే తెరుచుకోదు. ఎలీయాజరుగారికి అసలు కోపం అక్కడొచ్చింది. ఎందుకంటే ఆయనకి అందులో సొంత పేరు లేదు. పేరు పెట్టుకోవాలంటే ఏదో ఫారం నింపాలి, దానికి తగ్గ పాస్‌వర్డ్ ఆలోచించుకోవాలి, ఎక్కడ తప్పు కొడతానో అని ఆయన వాయిదా వేస్తూ వచ్చారు. సువార్తమ్మని అడిగితే తన పేరూ, తన పాస్‌వర్డూ చీటీ మీద రాసిచ్చింది. మన ఆఫీసుల్లో పాస్‌వర్డ్ అడగడమంటే పెన్ను అడిగినట్టే కదా, ఇవ్వనన్నవాళ్ళే చెడ్డవాళ్ళు. ఆవిడ పాస్‌వర్డ్ బైబిల్లోని ఇరవైమూడో కీర్తన. ఆయన హైదరాబాదు గళ్ళలో నిదానం, అనవసర ప్రశ్నలు, ఒకే పేరుతో ఇద్దరికి వీలుకాదు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు.

బెంగళూరు వాళ్ళది వచ్చేసరికి ప్రాణం లేచొచ్చింది. రంగురంగుల బొమ్మలు. అడగడాల్లేవు, నొక్కితే అయిపోతుంది. ఆయన ఇక్కడ, సువార్తమ్మ అక్కడ, ఒకే పేరు మీద హాయిగా తెరుచుకోవచ్చు.

ఆ రెండో వారంలో గురువారంనాడు పదకొండున్నరకి పాపారావుగారు తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన తన వియ్యంకుణ్ణి వెంటబెట్టుకొస్తానన్నారు. ఆయనకి రైసుమిల్లులున్నాయి, ఆయనా ఇలాంటిది పెట్టుకోవాలని చూస్తున్నారు. బెంగళూరు ఇంజినీరు టిఫినుకి వెళ్ళాడు. పెద్దవాళ్ళ ముందు నేనే నడిపి చూపిస్తే ఎంత బావుంటుంది అనిపించింది ఎలీయాజరుగారికి. ఓసారి చేసి చూసుకుందామని సువార్తమ్మ పేరుతో తెరిచారు. గుండుగొలను లైను నంబరు శుక్రవారం మారబోతోంది కాబట్టి, ఆవిడ పొద్దున్నే ఆ కొత్త నంబరు రాసి సిద్ధంగా పెట్టి ఉంచింది. నొక్కడమే తరువాయి. పక్కన డిపోల పేర్లు, ఒక్కోదాని ముందు ఒక్కో చిన్న గడి. అన్నిటికన్నా పైన ఇంకో గడి. పైనున్నదే ముఖ్యమైనదై ఉంటుందని ఆయన లెక్క, ఆఫీసుల్లో తల నెరిసిన మనిషి కదా. దాంట్లో టిక్కు పెట్టి నొక్కారు.

పైనున్న గడికి అర్థం అన్ని డిపోలూ అని. హైదరాబాదు వాళ్ళదైతే పదకొండుసార్లు అడిగేది. ఇది ఒక్కసారీ అడగలేదు. గుండుగొలను నంబరు పదకొండు రూటర్లకీ ఎక్కి కూర్చుంది. వీధిలో ఇళ్ళన్నిటికీ ఒకే డోరు నంబరు వేస్తే పోస్టుమాన్ ఎక్కడికని పోతాడు? కంపెనీ మొత్తం అలా నిలబడిపోయింది. మేత ఎత్తుకుపోయే రోజు అది, ప్రతి డిపో ముందూ ట్రాక్టర్లు. ఫోన్లు మొదలయ్యాయి. ఎలీయాజరుగారు తెరిచిన పేజీ మూసేశారు. ఎందుకు మూశారో ఆ క్షణంలో ఆయనకే తెలీదు.

సరిగ్గా అప్పుడే పాపారావుగారూ వియ్యంకుడుగారూ దిగారు. వెనకాలే ఇంజినీరు చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు. ఏదో పేజీ తెరిచి, కంగారుపడకండి సార్, ఎవరు చేశారో మా సాఫ్ట్‌వేర్ చెప్పేస్తుందన్నాడు. ఒక వరస చూపించాడు. ముందు సువార్తమ్మ పేరు, తర్వాత టైము పదకొండూ పది, ఆ పక్కన ఏ కంప్యూటరు నుంచి చేశారో దాని నంబరు. ఆ నంబరు ఎవరిదో ఆ గదిలో ఒక్క మనిషికే తెలుసు. అది ఎలీయాజరుగారి బల్ల మీదున్న కంప్యూటరు నంబరు.

ఆయన నోరు తెరిచారు. అన్యాయం చెప్పకూడదు, తెరిచారు. ఈలోగా వియ్యంకుడుగారు, ఒక్క నిమిషంలో పేరుతో సహా పట్టేసిందే, భలే ఉందండీ అన్నారు. పాపారావుగారి మొహం కాస్త విచ్చుకుంది. ఎలీయాజరుగారు తెరిచిన నోరు మూశారు. కాస్త ఆగి చెబుదామనుకున్నారు. ఆ ఆగడంలోనే ఉంది చేటంతా.

పాపారావుగారు గుండుగొలనుకి ఫోన్ చేయించి స్పీకరు పెట్టించారు. నీ పేరే చూపిస్తోందమ్మా, నువ్వే నొక్కావా అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు, అడిగారంతే.

"నేను మా డిపోకే రాసి పెట్టానండి. నొక్కినట్టు గుర్తు లేదండి," అంది సువార్తమ్మ. తర్వాత అడిగింది, "అక్కడ ఎలీయాజరు అన్నయ్యగారు ఉన్నారా అండీ?"

ఇక్కడే నా పక్కనే ఉన్నారన్నారు పాపారావుగారు. ఆవిడ ఎదురుచూస్తోంది. ఎలీయాజరుగారు బల్ల మీద పెన్ను క్యాపు తీశారు, పెట్టారు. మళ్ళీ తీశారు.

"అయితే నేనే అయ్యుంటానండి. క్షమించండి," అంది ఆవిడ.

ఆ తర్వాత చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంటుంది. లైన్లే తెగిపోయాక ఏలూరు నుంచి ఏం నొక్కినా ఏ డిపోకీ చేరదు, బెంగళూరు ఇంజినీరు చేతులెత్తేశాడు. సువార్తమ్మే నోటుపుస్తకం ముందేసుకుని ఒక్కో డిపోకీ ఫోన్ చేసి, పేజీ పేజీ చదివి చెప్పి, మూడింటికల్లా పదకొండూ నిలబెట్టింది. అన్నం కూడా తినలేదట. ఎలీయాజరుగారి తప్పుని ఆవిడ తన తప్పనుకుని దిద్దింది, ఎలీయాజరుగారు ఏసీ గదిలో కూర్చుని అది చూశారు. సాయంత్రం పాపారావుగారు, ఆవిడ పర్మనెంటు కాయితం పక్కన పెట్టండి, అసలు రేపట్నుంచి రావద్దని చెప్పండి అన్నారు. అది కూడా ఎలీయాజరుగారు నోటితో చెప్పలేకపోయారు. టైపు చేయించి పంపారు.

సోమవారం కంపారిటివ్ పూర్తి చెయ్యాలి. ఆరు గళ్ళూ గబగబా నిండాయి. ఏడో గడి దగ్గర ఆయన అరగంట కూర్చున్నారు. హైదరాబాదు వాళ్ళ కింద అవకాశం రాలేదు అని రాశారు, వాళ్ళ దగ్గర తప్పే జరగలేదు మరి. బెంగళూరు వాళ్ళ కింద, తప్పు చేసినవారు ఒక్క నిమిషంలో పేరుతో సహా తెలిసినారు అని రాశారు. రుజువుగా ఆ వరస ఎత్తిరాసి జతచెయ్యాలి. పేరు రాశారు, టైము రాశారు. కంప్యూటరు నంబరు దగ్గరికొచ్చేసరికి కాగితం అంచు వచ్చేసిందని తనకి తాను చెప్పుకున్నారు. పాపారావుగారు ఏడో గడి చదివి, బెంగళూరు వాళ్ళకే ఇచ్చెయ్యండి అని సంతకం పెట్టారు. గురువారం నాడు ఎలీయాజరుగారు చేసింది మౌనం. సోమవారం చేసింది అబద్ధం. ఆ తేడా ఆయనకి బాగా తెలుసు, మందిరంలో పదిమందికీ బోధించిన మనిషే కదా.

అక్కణ్ణుంచి తేలు కుట్టిన దొంగ బతుకైపోయింది. ఏలూరు బస్సు గుండుగొలను డిపో ముందు నుంచే పోతుంది, అటువైపు సీటు ఖాళీగా ఉన్నా ఇటువైపే నిలబడేవారు. ముద్ద నోట్లోకి పోయేది కాదు. మెర్సీ వంట బాలేదేమో అని రోజుకో కూర మార్చింది. ఆ మెర్సీయే ఓ సాయంత్రం చెప్పింది, సువార్తమ్మ ఇంటికి వెళితే వంటింట్లో డబ్బాలన్నిటికీ కాయితం ముక్కలు అంటిస్తోందట, ఉప్పు, పంచదార, బియ్యప్పిండి అని రాసి. ఎందుకే అంటే ఊరికేనంది అంది. ఎలీయాజరుగారికి అదేమిటో అర్థం కాలేదు. ఆవిడ పేరు విన్నాక ఇంకో ప్రశ్న వేసే ధైర్యమూ లేదు. చెబుతాను, చెబుతాను, వచ్చేవారం చెబుతాను అనుకుంటూ లేచి చెయ్యి కడుక్కున్నారు.

జులై మొదటి ఆదివారం వచ్చింది. మొదటి ఆదివారమంటే ప్రభువు బల్ల, యేసుప్రభువు చివరి విందుని తలుచుకునే రోజు. రొట్టె పాస్టరుగారిస్తారు, ద్రాక్షరసం చిన్నగిన్నెల పళ్ళెం పట్టుకుని సంఘ పెద్దలు నిలబడతారు. ఆ మందిరంలో ముందునుంచీ ఓ పద్ధతుంది. బల్లకి ముందు పాస్టరు విశ్వాసంగారు కాసేపు ఊరుకుంటారు, ఎవరికైనా ఎవరితోనైనా మనస్పర్థ ఉంటే ఆ కాసేపట్లో లేచి వెళ్ళి సమాధానపడి రావాలి. మామూలుగా ఎవరో తోటికోడళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, అంతకు మించి ఉండదు. ఎలీయాజరుగారు పళ్ళెం పట్టుకుని కళ్ళు దించుకుని నిలబడ్డారు. ఆ రోజు ఒంట్లో బాలేదని మానేద్దామనుకున్నారు, మానేస్తే ఎందుకని అడుగుతారని వచ్చారు.

ఆడవాళ్ళ వైపు నుంచి సువార్తమ్మ లేచింది. తిన్నగా నడిచి ఆయన ముందుకొచ్చి నిలబడింది. పది రోజుల్లో మనిషి సగమైపోయింది.

"నా వల్ల ఆఫీసులో మీకు తలవంపులయ్యాయి అన్నయ్యగారూ. క్షమించానని ఒక్క మాట అంటే నేను బల్లకి వస్తాను," అంది మెల్లిగా.

అవేమీ మనసులో పెట్టుకోకు, వెళ్ళి కూర్చోమ్మా అని ఆయన గొణిగారు. ఆవిడ కదల్లేదు.

"నాకు నొక్కినట్టు గుర్తే లేదండి. పుస్తకం పదిసార్లు తిరగేశాను. ఆ పాస్‌వర్డ్ తెలిసింది మనిద్దరికే. మీరై ఉంటే ఆ రోజు ఫోన్లోనే చెప్పేసేవారు కదా. అంచేత నేనేనండి. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. మంగళవారం ఏలూరులో డాక్టరుగారికి చూపించుకుంటున్నాను, ప్రార్థన చెయ్యండి."

వాళ్ళమ్మ రత్నమాణిక్యం ఊరందరికీ తెలుసు. మతిమరుపు వచ్చి, ఉప్పనుకుని పంచదార వేసి, చివరికి కన్నకూతుర్నే నువ్వెవరమ్మా అని అడుగుతూ పోయింది. ఎలీయాజరుగారికి డబ్బాల మీది కాయితాలు కళ్ళముందు కనిపించాయి. మీరై ఉంటే చెప్పేసేవారు కదా. ఆయన్ని దొంగ అని తిట్టినా ఇంత కాలేది కాదు. ఆయన మంచితనం మీద పెట్టుకున్న నమ్మకంతోనే ఆ పిచ్చితల్లి తన మతి మీద తను నమ్మకం పోగొట్టుకుంది.

"నేనేనమ్మా. నొక్కింది నేనే," అన్నారు.

ఆవిడకి వినపడలేదో, విన్నది నమ్మలేదో, ఏవిటండీ అంది. ఆయన మళ్ళీ చెప్పారు. ఈసారి గొంతు అదుపు తప్పి గట్టిగా వచ్చింది. ముందు బెంచీల వాళ్ళంతా విన్నారు. మెర్సీ విన్నది. విశ్వాసంగారు పుస్తకంలోంచి తలెత్తారు.

సువార్తమ్మ ఆయన మొహంలోకి చూసింది. నాలుగు తిడుతుందనుకున్నారు, తిడితే బావుండుననుకున్నారు. కానీ ఆవిడ మొహం చంటిపిల్లకి జ్వరం దిగినప్పుడు తల్లి మొహంలా తేటబడింది.

"అయితే నా మతి బాగానే ఉందా అండీ?" అని అడిగింది.

బాగానే ఉందమ్మా, ఏమీ కాలేదు నీకు అన్నట్టు ఆయన తలూపారు. కళ్ళనీళ్ళతో తలూపారు. అంత అవమానం ఆయన పుట్టి ఎరగరు, ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. పళ్ళెం తీసుకెళ్ళి రెండో పెద్ద ఆనంద్ పాల్ చేతిలో పెట్టారు. నడవంతా దాటుకుని వెళ్ళి చిట్టచివరి బెంచీ మీద కూర్చున్నారు. తప్పు తేలేదాకా బల్లకి రాకుండా కూర్చునేవాళ్ళ బెంచీ అది. ఇంతవరకూ ఎవరైనా అక్కడ కూర్చోవలసి వస్తే చెప్పి కూర్చోబెట్టింది ఆయనే. సువార్తమ్మ బల్లకి వెళ్ళింది, రొట్టె తీసుకుంది, గిన్నె తీసుకుంది. మెర్సీ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆరాధన అయ్యాక జనం ఆయన వైపు చూడకుండా వెళ్ళిపోయారు. చూడకుండా పోవడమే గౌరవమనుకున్నారు కాబోలు. సువార్తమ్మ మాత్రం బెంచీ దగ్గర ఆగింది. ఇందాకటి తేటదనం పోయింది. పాట పాడుతున్నంతసేపూ సంగతంతా ఒక్కొక్కటే ఆలోచించుకున్నట్టుంది.

"రేపు ఆఫీసులో మీరు చెబుతారా అండీ, నన్ను చెప్పమంటారా?" అని అడిగింది. అన్నయ్యగారూ అనలేదు.

నేనే చెబుతానమ్మా, ఆ ఏడో గడి కొట్టేసి పాపారావుగారి ముందే మళ్ళీ రాస్తాను, నా ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది, నీది మాత్రం నీకు ఇప్పిస్తాను అన్నారాయన. ఆవిడ ఇదివరకైతే సరేనండి అని వెళ్ళిపోయేది.

"ఏడున్నర బస్సుకి నేనూ వస్తానండి," అంది. "నోటుపుస్తకం తెస్తాను. ఏ కంప్యూటరు నంబరు ఎవరిదో అందులో రాసి ఉంది."

ఆ ఊళ్ళో ఎలీయాజరుగారి మాటకి పుస్తకం రుజువు తెచ్చుకున్నవాళ్ళు అంతవరకూ ఒక్కరూ లేరు.

"తీసుకురామ్మా," అన్నారాయన, తలెత్తకుండా.